కుట్టులేని స్వెట్టరు

ఆ మంగళవారం ఉదయానికి సత్యారావు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ఏడు గంటలకు అప్పల సోమయాజులు గారు వచ్చి స్వెట్టరు చూస్తారు. చూసి, మడికి పనికివస్తుందంటారు. అమ్మ తొడుక్కుంటుంది. పది గంటలకు తాను చోడవరం బోర్డు హైస్కూల్లో ఫిఫ్తు ఫారం పిల్లలకు రేఖాగణితం చెబుతూ ఉంటాడు. 1954వ సంవత్సరం మార్గశిర మాసంలో ఇంతకన్న నిరపాయమైన పథకం ఆ ఊళ్ళో మరెవరికీ ఉండి ఉండదు. అందులో సోమయాజులు గారు ఏడు గంటలకు రావడం వరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

కథ అంతకు నెలన్నర ముందు, దీపావళి వెళ్ళిన వారంలో మొదలైంది. డాక్టరు గారు సత్యారావు తల్లి నరసమ్మ గారి వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, అతణ్ణి వీధి అరుగు మీదికి తీసుకువెళ్ళి గొంతు తగ్గించారు. "కిందటేడు నెమ్ము చేసి బయటపడ్డారంటే అదే గొప్ప మేష్టారూ. ఈ చలికాలం మళ్ళీ వస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. తెల్లవారగట్ల ఆవిడ ఒంటి మీద వెచ్చగా ఏదైనా ఉండేలా చూడండి."

ఆ సలహా చెప్పినంత తేలిక కాదు. నరసమ్మ గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఏడాది పొడవునా ఆవిడ తెల్లవారుజామున నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, ముందురోజు ఎవరూ అంటకుండా దండెం మీద ఆరవేసిన మడిబట్ట కట్టుకుని, తన వంట తానే వండుకుంటారు. వంట అయి భోజనం ముగిసేదాకా ఆవిడను ఎవరూ తాకకూడదు. కుట్టిన గుడ్డ ఏదీ ఒంటి మీద ఉండకూడదు. భర్త పోయిన నాటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆవిడ భుజాల మీద రవిక అన్నది లేదు. చీడికాడ కొండల మీంచి దిగివచ్చే గాలికి ఈ నియమాలతో పరిచయం లేదు. శాలువా కప్పుకోవచ్చు, కప్పుకున్నారు కూడా. కిందటి మాఘంలో పొయ్యి ఊదడానికి వంగినప్పుడు అది జారి అంటుకుంది. కోడలు శేషారత్నం బిందెడు నీళ్ళు కుమ్మరించబట్టి ప్రమాదం తప్పింది. నెమ్ము చేసింది ఆ బిందెడు నీళ్ళ వల్లనే అన్న వాదం ఇంట్లో ఇప్పటికీ ఒకటి ఉంది.

సత్యారావు నిదర్శనం లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి. సూర్యగ్రహణం పట్టి ఉండగా వీధి అరుగు మీద కూర్చుని, అందరూ చూస్తూండగా అటుకులు తిన్నవాడు. అయినా తల్లి నియమాలతో వాదానికి దిగలేదు. వాదించి గెలిచినంత మాత్రాన ఆవిడ రవిక తొడుక్కోరని అతనికి తెలుసు. అందుచేత మడి సూత్రాలను పరాయి దేశపు శిక్షాస్మృతి చదివినట్టు శ్రద్ధగా పరిశీలించాడు. పరిశీలిస్తే ఒక సందు దొరికింది. ఉన్నికి అంటు లేదు. ఎవరు ముట్టుకున్నా అది మడికి పనికివస్తుంది. పనికిరానిది కుట్టు. స్వెట్టరును కుట్టరు, అల్లుతారు.

మడి విషయంలో ఆ వీధికి చివరి మాట సోమయాజులు గారిది. ఆయన రెండు రోజులు ఆలోచించి, "అంగట్లో దొరికేవాటికి పక్కల కుట్లుంటాయి, అవి కుదరవు. మొత్తం గొట్టంలాగ, ఒక్క కుట్టు లేకుండా అల్లితే నాకు అభ్యంతరం లేదు. కాని కుట్టు లేదని నా ఎదట తేలాలి," అన్నారు.

"తేలుస్తాను బాబయ్యా," అన్నాడు సత్యారావు. తన జీవితంలో తిరిగి తీసుకోవాలనిపించిన మాటల్లో అది ముఖ్యమైనది.

అల్లేదెవరన్న ప్రశ్న వచ్చింది. "నలుగురు పిల్లలు, రెండు పొయ్యిలు. నాకు చేతులు ఖాళీ లేవు. లెక్కల మేష్టారు మీరే కదా, లెక్కపెట్టుకుంటూ అల్లండి," అంది శేషారత్నం. స్కూల్లో డ్రాయింగు మేష్టారు ఖాదర్ మొహిద్దీన్. ఆయన భార్య ఫాతిమున్నీసా విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో అల్లిక నేర్చుకుంది. ఆవిడ పరాయి మగవాళ్ళ ఎదటికి రాదు కాబట్టి, ఆవిడ చెప్పింది ఖాదర్ ఇంట్లో విని, మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్కూలు వరండాలో సత్యారావుకు అప్పచెప్పేవాడు. ఎన్నడూ అల్లని ఒక మనిషి నుంచి ఎన్నడూ అల్లని మరొక మనిషికి ఆ విద్య అలా సంక్రమించింది. సత్యారావు పాత సైకిలు చక్రం పుల్లలు నాలుగు ఊడదీసి, కొనలు రాతి మీద నున్నగా అరగదీసి, నీలం రంగు ఊలు ఉండలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి వరసను గుండ్రంగా కలిపేటప్పుడు మెలిక పడకుండా చూసుకోవాలన్న ఒక్క వాక్యం ఖాదర్ దారిలో మరిచిపోయాడు. పది రోజుల తరవాత తయారైన దానికి లోపలి వైపూ లేదు, బయటి వైపూ లేదు. సత్యారావు దాని మీద వేలు నడిపించి, ఎంత దూరం నడిపించినా ఒకే ముఖం ఉందని తేల్చుకుని, ఆ పూటంతా సంతోషించాడు.

"బానే ఉంది. దీన్ని తొడుక్కునే జంతువు ఏదండీ?" అంది శేషారత్నం.

రెండోదానికి మెలిక లేదు. కాని అతడు దారాన్ని వీణ తీగలా బిగించి అల్లడం వల్ల అది నేల మీద రోలులా తనంతట తాను నిలబడింది. అందులోకి మరచెంబు దూరింది గాని నరసమ్మ గారి తల దూరలేదు. ఖాదర్ దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు కొంచెం మొహమాటపడుతూ తిరిగి ఇచ్చాడు. "మేష్టారికి ఎవరి మీదైనా కోపంగా ఉందా అని అడుగుతోందండీ మా ఇంట్లో. చెయ్యి వదులు చెయ్యమంది."

సత్యారావు చెయ్యి వదులు చేశాడు. మూడోది కుదిరింది. ఒళ్ళు ఒక గొట్టం, చేతులు రెండు గొట్టాలు, మూడూ ఛాతీ దగ్గర కలిసి మెడ దాకా ఒకే అల్లిక. ఆ స్వెట్టరుతోనే అతడు మంగళవారం ఉదయం అరుగు మీద నిలబడ్డాడు.

సోమయాజులు గారు పీట మీద కూర్చుని, స్వెట్టరు ఒళ్ళో పరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, అంగుళం అంగుళం తడిమారు. గుమ్మంలో నరసమ్మ గారు, ఆవిడకు దూరంగా శేషారత్నం. పాలు పోయడానికి వచ్చిన దేముడమ్మ, ఇదేదో పెద్ద విషయమేనని తపేలా దించి గోడవార చతికిలబడింది.

"ఇక్కడ ముడేవిటోయ్?"

"ఒక ఉండ అయిపోయి రెండో ఉండ ఎత్తుకున్నప్పుడు వేసేను బాబయ్యా. ముడి కుట్టు కాదు. జంధ్యానికి లేదా ముడి?"

సోమయాజులు గారి చెయ్యి అప్రయత్నంగా భుజం మీదికి పోయింది. "ఉంది. ఒప్పుకున్నాను. చంకల కింద ఈ కంతలో?"

"చేతులు కలిపిన చోట సందు మిగిలిపోయింది. కంత కూడా కుట్టు కాదు."

"అసలే కాదు. బావుంది. మరి కుట్టు లేదని తేలడం ఎలాగ? నీ మాట మీద చెప్పెయ్యమంటావా?"

ఆ అరుగు మీద ఇన్నేళ్ళలో ఒక మనిషి సరైన ప్రశ్న వెయ్యడం అదే మొదలు. సత్యారావు ముఖం వెలిగింది. "నా మాట మీద వద్దు. ఎవరి మాట మీదా ఏదీ ఒప్పుకోకూడదు. కుట్టన్నది ఉంటే దారం అక్కడ అడ్డుపడుతుంది బాబయ్యా. లేకపోతే, మెడ దగ్గర ఈ కొస తప్పించి లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. అదే రుజువు."

అతడు చెప్పింది సూత్రం. సోమయాజులు గారు దాన్ని ఆహ్వానం అనుకున్నారు.

కొస విడిపోయింది. మెడ పట్టీ పోయింది. దాని కింది వరస, దాని కింది వరస, చిన్న చిన్న చిటికెలు వేస్తున్న చప్పుడుతో వరసలన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడి రాసాగాయి.

"బాబయ్యా! ఆగండి, ఆగండి!"

"ఆగితే ఎలా తేలుతుందోయ్?" అంటూ ఆయన గాలిపటం దింపుకుంటున్నవాడిలా రెండు చేతులా లాగుతూనే ఉన్నారు. చంకల దాకా వచ్చి, చేతులు రెండూ ఒంటి నుంచి విడిపోయి పీట కింద పడ్డాక, ఆయాసం తీర్చుకున్నారు. "అద్భుతం. ఎక్కడా అడ్డుపడలేదు. వదినా, నిస్సందేహంగా మడికి పనికివస్తుంది. తొడుక్కోండి."

నరసమ్మ గారు పీట చుట్టూ సేమ్యాలా వంకర్లు తిరిగి పడి ఉన్న ఊలు గుట్టను చూశారు. "ఏది నాయనా?" అన్నారు.

శనివారానికల్లా సత్యారావు పైభాగం మళ్ళీ అల్లేశాడు. సోమయాజులు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన వెంట మడి కట్టుకునే పెద్దావిడలు ముగ్గురు ఉన్నారు. ముగ్గురికీ దగ్గు ఉంది. ముగ్గురికీ అల్లడం నేర్పించదగిన కొడుకులున్నారు.

"మొన్న తేలిపోయింది కదా బాబయ్యా!"

"మొన్నటిది తేలింది. ఇది వేరు."

"అదే ఊలు!"

"ఊలు అదే, అల్లిక వేరు. నిన్నటి వంట మడిగా వండేరని ఇవాళ్టి వంట మడి అయిపోతుందా? నువ్వే చెప్పు."

ఒకసారి నిజమైనది ప్రతిసారీ నిజం కానక్కరలేదని క్లాసులో బల్ల గుద్ది చెప్పేది సత్యారావే. స్వెట్టరు తెచ్చి పీట మీద పెట్టాడు.

"కొస ఇలా ఇవ్వు బాబూ, నేను లాగుతాను," అన్నారు పెద్దావిడల్లో పెద్దావిడ సన్యాసమ్మ గారు.

"మీరెందుకమ్మా? ఆయన లాగుతారు కదా."

"ఆయన లాగితే ఆయనకి తెలుస్తుంది. నాకెలా తెలుస్తుంది?"

ముగ్గురూ వంతులు వేసుకుని లాగారు. ఈమాటు అల్లిక నడుం దాకా పోయింది. పెద్దావిడలు సంతృప్తిపడి, నరసమ్మ గారి అదృష్టాన్ని మెచ్చుకుని వెళ్ళిపోయారు. సత్యారావు ఊలు ఉండ చుట్టుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు. ఈ మనుషులు పుట్టిన దగ్గర నుంచి ఎవరేం చెప్పినా నమ్మారు. ప్రయోగం చేసి చూడండని అతడు ఇరవై ఏళ్ళు మొత్తుకున్నా ఒక్కరు కదలలేదు. ఇప్పుడు అందరికీ ఒక్కసారిగా ప్రయోగబుద్ధి పుట్టింది. పుట్టడానికి దానికి తన తల్లి స్వెట్టరు తప్ప మరొకటి దొరకలేదు. దీన్ని విజయమనుకోవాలో ఇంకేమనుకోవాలో అతనికి బోధపడలేదు.

మర్నాడు పాలు పోస్తూ దేముడమ్మ కొత్త సంగతి తెచ్చింది.

"బాబూ, తమరి దారం బలేగ పన్జేసింది!"

"ఏ దారం?"

"మొన్న మంగళారం ఇప్పినకాడ ముక్కొకటి తెగితే అమ్మగారినడిగి పట్టుకెళ్ళేను గదా. మా మనవరాలు గుంటకి దండసేతికి కట్టేను. దగ్గు సప్పున తగ్గిపోనాది."

"దగ్గు ఎప్పుడు పట్టుకుంది?"

"మొన్న సోమారం."

"ఇవాళ ఆదివారం. జలుబు చేసిన దగ్గు ఏడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది దేముడమ్మా. దారం కట్టినా అంతే, కట్టకపోయినా అంతే."

"అదే గదా బాబూ నాను సెప్తన్నది! లెక్కగా ఏడో రోజుకి తగ్గింది!"

అసలు దేముడమ్మ ఊరంతా చెప్పినది ఏమిటంటే, మేష్టారు తల్లి దగ్గుకు మొక్కుకున్నారు. ఆయన అల్లాలి, సోమయాజులు గారు మంత్రం చదువుతూ విప్పాలి. అల్లినన్నిసార్లు విప్పితే దగ్గు ఆ దారంలోకి దిగిపోతుంది. సోమయాజులు గారు లాగుతూ ఆయాసంతో రొప్పిన మాట నిజమే. దూరం నుంచి అది మంత్రంలా వినిపించి ఉంటుంది. మంగళవారానికి చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు గేటు దగ్గర నిలబడ్డారు. గురువారానికి చెరుకు బండ్ల మీద కె.కోటపాడు నుంచి కూడా వచ్చారు. సత్యారావు అరుగు మీద నిలబడి దగ్గుకూ దారానికీ గల సంబంధరాహిత్యం గురించి పావుగంట మాట్లాడాడు. అందరూ చేతులు కట్టుకుని విన్నారు.

"ఎంత పెద్దమనిసి సూడు. తన మహిమ తాను ఒప్పుకోడు," అంది దేముడమ్మ.

అతడు స్కూలుకు వెళ్ళగానే నరసమ్మ గారు అడిగినవారికల్లా జానెడేసి ఊలు తుంపి ఇచ్చారు. సాయంత్రం కొడుకు కేకలు వేస్తే, "చంటిపిల్లలు దగ్గుతూంటే లేదని ఎలా అనన్రా? అది పని చెయ్యదని నువ్వే అన్నావు కదా. పని చెయ్యని దానికి ఇంత పట్టింపేవిటి?" అన్నారు.

ఇది కూడా ఎక్కడో తర్కబద్ధంగానే ఉంది.

తరవాతి మంగళవారం మూడో పరీక్ష జరిగింది. ఇంతవరకూ నడుం కింది భాగాన్ని ఎవరూ పరీక్షించలేదన్న లోపాన్ని సోమయాజులు గారు స్వయంగా కనిపెట్టారు. అది న్యాయమైన ఆక్షేపణ. సాయంత్రానికి స్వెట్టరు అన్నది లేదు. రుజువు మాత్రం సంపూర్ణంగా ఉంది.

మర్నాడు సత్యారావు గడ్డం గీసుకుంటూండగా వంటింట్లోంచి దగ్గు వినిపించింది. పొగకు వచ్చే దగ్గు కాదు. కిందటేడు విన్న దగ్గు, అడుగు నుంచి గోకినట్టు వచ్చేది. కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వినిపించింది. సగం గడ్డంతోనే డాక్టరు గారి ఇంటికి నడిచాడు.

డాక్టరు వచ్చి చూశారు. "ఇంకా నెమ్ము దిగలేదు. దిగడానికి ఎక్కువ రోజులు పట్టదు. వెచ్చగా వెయ్యమన్నాను, ఏం వేశారు?"

"స్వెట్టరండీ. మూడుసార్లు పూర్తయింది."

"మరి ఒంటి మీద లేదే?"

"రుజువైపోయిందండీ."

డాక్టరు గారు అతని సగం గడ్డం వంక ఒకసారి చూసి, మందుల చీటీ సత్యారావు చేతికి కాకుండా శేషారత్నం చేతికి ఇచ్చి వెళ్ళిపోయారు.

మిగిలిన ఊలు ఒంటికి మాత్రమే సరిపోతుంది. చేతులకు లేదు. ఆ రోజు స్కూలు వరండాలో సత్యారావు ఖాదర్‌తో సంగతంతా చెప్పాడు. రెండో రోజు ఖాదర్ ఒక కాగితప్పొట్లం తెచ్చాడు. అందులో చాక్లెట్టు రంగు ఊలుతో అల్లిన చేతులు రెండు, మెడకు సరిపోయే ఊలు ఒక చిన్న ఉండ ఉన్నాయి.

"తన స్వెట్టరు విప్పేసిందండీ మా ఇంట్లో. 'నా మాట మీరు మోసుకెళ్ళి, అది ఆయన అర్థం చేసుకునే లోపల చలికాలం వెళ్ళిపోతుంది, చేతులు నేనే అల్లుతాను' అంది. ఇంకో ముక్క కూడా చెప్పమంది. చంక కింద మిగిలే కంతని ఆఖర్ని సూదితో కలపాలిట. అందరూ అలాగే చేస్తారుట. వేరే దారి లేదుట."

ఈసారి ఖాదర్ ఏ వాక్యమూ మరిచిపోలేదు.

ఇంటికి తెచ్చిన చేతులను నరసమ్మ గారు వెలుగులో పట్టి చూశారు. "ఇవెవరల్లేరురా?"

"ఖాదర్ గారి భార్య. ఫాతిమున్నీసా గారని." సత్యారావు తల్లి ముఖం వంక చూశాడు.

"ఎంత సమంగా ఉన్నాయో! నీ అల్లిక చూడు, ఎలకలు పరిగెట్టినట్టుంది. ఉన్నికి అంటు లేదని సోమయాజులే అన్నాడు కదా. ఆవిడకి చలి వెయ్యదూ పాపం?" అన్నారు. ఆ మాట పూర్తిచేస్తూండగానే దగ్గు తెర వచ్చింది.

అతడు రెండు రోజులు స్కూలుకు సెలవు పెట్టి అల్లాడు. ఆదివారం మధ్యాహ్నం, భోజనం అయి మడి విడిచిన తరవాత, నరసమ్మ గారు మొదటిసారిగా స్వెట్టరును ఒంటి మీద వేసుకున్నారు. ఒళ్ళు నీలం, చేతులు చాక్లెట్టు రంగు. కొలత సరిగ్గా ఉంది. మెడలోంచి తల సులువుగా దూరింది. ఆవిడ పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, పనిచేస్తున్నట్టు చేతులు రెండూ చాచి చూసుకున్నారు. కొండ గాలి వీచింది.

"చంకల్లోంచి గాలి కొడుతోందిరా. కత్తి పెట్టినట్టుంది," అని దగ్గుతూ విప్పి ఇచ్చేసి, వెళ్ళి పడుకున్నారు.

సత్యారావు ఆ కంతలు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కొక్కటి మూడు వేళ్ళు పట్టేటంత ఉంది. కాసేపటికి లేచి, శేషారత్నం కుట్టుపెట్టె వెతికి, దబ్బనం తీసి అందులో ఊలు ఎక్కించాడు.

"ఏవండీ, కుడుతున్నారా?" అంది శేషారత్నం గుమ్మంలోంచి.

"కుట్టడం లేదు. అల్లికలో మిగిలిన ఖాళీని సవరిస్తున్నాను."

"దబ్బనంతోనా?"

"సాధనం ఏదైతేనేం?"

"దాన్ని కుట్టు అంటారండీ."

"కొంచెం నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు సత్యారావు. కుడి చంకలో ఆరు, ఎడమ చంకలో ఏడు. వాటిని అతడు సవరింపులుగానే లెక్కపెట్టాడు.

సోమవారం పొద్దున్నే వీధిలో మాటలు వినిపించాయి. అతడు కబురు పెట్టలేదు. ఆదివారం పెరటి గుమ్మంలో స్వెట్టరు కనబడినందున కబురు తనంతట అదే వెళ్ళింది. సోమయాజులు గారు, ఆయన వెనక ఇప్పుడు ఎనిమిది మందికి పెరిగిన పెద్దావిడలు, గేటు దగ్గర దేముడమ్మ, ఆమె వెనక దగ్గుతున్న చోడవరం. సత్యారావు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఈసారి పరీక్ష వద్దు బాబయ్యా. అమ్మకి ఒంట్లో బాగులేదు. నా మాట నమ్మండి."

సోమయాజులు గారు నిలబడిపోయారు. "నమ్మడమా? ఆ మాట అంటున్నది నువ్వేనా?"

"నేనే. మూడుసార్లు చూసేరు కదా. ఈ ఒక్కసారికీ నమ్మండి."

"చూడకుండా ఎలా నమ్ముతాం బాబూ? మేవేవైనా మూర్ఖులమా?" అన్నారు సన్యాసమ్మ గారు.

"పోనీ, ఒక్క మాటకి తిన్నగా జవాబు చెప్పు. అందులో కుట్టు ఉందా, లేదా?" అన్నారు సోమయాజులు గారు.

సత్యారావు మెదడులో సవరింపు, కలయిక, పూరణ వంటి మాటలు చాలా వచ్చాయి. ఏదీ పనికిరాలేదు. నలభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారిగా, నదురూ బెదురూ లేకుండా, "లేదు," అన్నాడు.

"ఏదీ, ఆ కొస ఇలా తే. చూసేద్దాం."

"తప్పుకోండి, తప్పుకోండి! ముట్టుకోకండి, నేను మడి!" అని నట్టింట్లోంచి నరసమ్మ గారి గొంతు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. తెల్లవారగట్లనే స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, దాని మీద స్వెట్టరు తొడుక్కుని, చేతిలో గరిటెతో ఆవిడ నిలబడి ఉన్నారు. నీలం ఒళ్ళు, చాక్లెట్టు చేతులు. సత్యారావు ఎవరికీ కనపడకుండా అటక మీద దాచిన స్వెట్టరు అది.

సోమయాజులు గారు ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. వీధి వెంట నడిచి వచ్చిన మనిషి. "అయ్యో, పరీక్ష కాకుండానే తొడిగేసుకున్నారా వదినా! పోనీ, తీసి అక్కడ పెట్టండి. దూరం నుంచే…"

"తీస్తే చలి. తీసినది మీరు లాగుతారు. లాగితే మిగలదు. అదంతా నేను చూసిందే."

"మరి కుట్టు లేదని ఎలా తెలుస్తుంది?"

"మా వాడు లేదన్నాడు కదా!" నరసమ్మ గారు గరిటె కొడుకు వైపు చూపించారు. "నా తృప్తి కోసమైనా దేవుడున్నాడని ఒక్కసారి అనరా అని ఇరవై ఏళ్ళు బతిమాలేను. అబద్ధం ఆడనన్నాడు. తల్లి కోసం దేవుడి విషయంలో ఆడని వాడు స్వెట్టరు విషయంలో ఆడతాడా? చెప్పు సోమయాజులూ!"

ఆ వాదంలో సోమయాజులు గారికి ఎక్కడా సందు దొరకలేదు. "నిజమే. వీడు అబద్ధం ఆడడు. ఇంతకన్న నిదర్శనం ఏముంటుంది?" అని, మడికి పనికివస్తుందని నలుగురి ఎదటా ప్రకటించారు. పెద్దావిడలు తమ కొడుకులకు కూడా అల్లిక నేర్పమని సత్యారావు దగ్గర మాట పుచ్చుకున్నారు. ఆ రోజు దారం లేదని తెలిసి దేముడమ్మ వెనకాల జనం నిరాశగా విడిపోయారు. సత్యారావు చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

అందరూ వెళ్ళాక అతడు వంటింటి గుమ్మం బయట నిలబడ్డాడు. నరసమ్మ గారు పొయ్యి ముందు వంగి కందిపప్పు కలుపుతున్నారు. స్వెట్టరు జారలేదు. అతడు నిలబడినంతసేపూ దగ్గు రాలేదు.

"వెచ్చగా ఉందా అమ్మా?"

"ఉందిరా." ఆవిడ తిరిగి చూడకుండా పప్పు మీద మూత పెట్టారు. "కుడి చంకలో బాగా కుట్టేవు. ఎడమ దాన్లో ఒక కుట్టు ఎక్కువ పడింది, ఒరుసుకుంటోంది. మధ్యాహ్నం మడి విడిచేక ఇస్తాను, సరిచేద్దువుగాని."

ఆ రోజు ఫిఫ్తు ఫారానికి రేఖాగణితంలో నిరూపణలు చెప్పవలసి ఉండగా, సత్యారావు పిల్లల చేత గంటసేపు ఎక్కాలు చదివించాడు.